నలుదిక్కులకు వినిపించు ఏరియళ్లు



నేటి నా ప్రసంగమునకు విషయము ఏరియలు. ఇప్పటివారు దీనిని ఆంటెన్నా యనుచున్నారు. అందును, హామ్ రేడియో యని వాడుకలోనున్న అమెచ్యూర్ రేడియోవారు ఇండ్లపై నిలుపుకొనునట్టి, నలుదిక్కులకును సమానముగా మాటను పంపగల ఏరియళ్లను గూర్చి చెప్పదలచితిని. ఇది బడిపిల్లలకు చెప్పవలసిన శాస్త్రము గదా, మాబోటి పెద్దవారికేల యని మీరనవచ్చును. నిజమే, ఏరియలు కట్టువారు పిల్లలే. కాని గుడి ప్రక్కనో, బడి మిద్దెపైననో, పంచాయతి కచేరి మీదనో గడ పాతుటకు సరే యనవలసినవారు మీరు. మీరు వలదన్నచో ఆ గడ లేవదు. కావున దేనికి సరే యనవలయునో, దేనికి వలదనవలయునో మీకు తెలిసియుండుట మేలు.

మా గంగవరము పలమనేరునకు చేరువ. కనుమల మీది సీమ. ఇచ్చట ఏ ఊరి నుండి చూచినను ఏదో యొక దిక్కున కొండ యడ్డము కనిపించును. ఇట్టి చోట మాట దూరము పోవుట యెట్లన్నదే నేటి ప్రశ్న.

మొదట అమెచ్యూర్ రేడియో యననేమో చెప్పెదను. ఇది వర్తకము కాదు, ఉద్యోగమును కాదు. విద్యాసక్తి చేతను, పరోపకారబుద్ధి చేతను తమ యింట నుండియే రేడియో ద్వారా మాటలాడుకొనువారి వ్యాసంగము. మన దేశమున 12 ఏండ్లు నిండినవారు కేంద్రప్రభుత్వము వారి పరీక్షయందు ఉత్తీర్ణులై, అనుమతిపత్రమును పొంది దీనిని నడుపవచ్చును. ప్రతివానికిని వి.యు. అను అక్షరములతో మొదలగు పిలుపుపేరు ఒకటి ఇయ్యబడును. ఆ పేరు చెప్పియే మాటలాడవలయును. రహస్యభాషలో మాటలాడరాదు, క్రయవిక్రయములు చేయరాదు, పలికిన ప్రతిమాటయు ఎల్లరు వినునట్టిదై యుండును. గూఢచారుల పని యేమో యని యనుమానించు పెద్దలకు ఈ సంగతి తెలిసిన చాలును. దాచిపెట్టి చేయు పనికిని, ఊరి నడుమ నిలువబడి పేరు చెప్పి పలుకు పనికిని పోలిక లేదు.

ఈ విద్య మనకు క్రొత్తదియు కాదు. మన సీమ చెన్నపురి రాజధానిలో చేరియున్న దినములలో, 1924వ సంవత్సరము మే నెల 16వ తేదీన, సి. వి. కృష్ణస్వామిసెట్టిగారి పూనికతో చెన్నపట్టణమున మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడినది. ఆ యేడు జూలై 31వ తేదీన వారు ప్రసారములు మొదలిడిరి. మద్రాసున సర్కారువారి రేడియో కేంద్రము వెలసినది 1938వ సంవత్సరమున. అనగా సర్కారువారికంటె 14 ఏండ్లు ముందుగానే ఔత్సాహికులు చెన్నపట్టణమున గొంతెత్తిరన్నమాట. తెలుగునాట హైదరాబాదునందు 1983వ సంవత్సరమున జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ స్థాపితమై, ఈ విద్యలో పెక్కుమందికి శిక్షణ నిచ్చినది.

నేడు ప్రతి జేబులోను సెల్లు ఫోను ఉన్నది గదా, ఇక ఈ గడ యెందులకు? ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానముగా రెండు దినములను జ్ఞాపకము చేసెదను. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడెను. వేలకొలది జనులు జలసమాధి యయిరి. తీగలు తెగి, స్తంభములు కూలి, అచ్చటి ఘోరము తక్కిన దేశమునకు తెలియుటయే ఆలస్యమయ్యెను. సరిగా 44 ఏండ్లకు, 2021వ సంవత్సరము నవంబరు 19వ తేదీన, మన రాయలసీమలోనే చెయ్యేటిపై నున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట ప్రాంతపు గ్రామములను ముంచెను. రెండును కార్తికమాసములోనివే. సెల్లు ఫోను మాట జేబు నుండి జేబునకు నేరుగా పోదు. నడుమ టవరు ఉండవలయును; టవరునకు విద్యుత్తు ఉండవలయును. విద్యుత్తు పోయి, బ్యాటరీలు ఆరిన పిదప జేబులోని యంత్రము మూగపోవును. హామ్ రేడియోకు నడుమ ఎవ్వరును అక్కరలేదు. ఇచ్చట ఒక ఏరియలు, ఒక మోటారుబండి బ్యాటరీ, అచ్చట ఒక ఏరియలు, ఒక బ్యాటరీ, అంతియే.

ఇది యూహ కాదు. 2004వ సంవత్సరము డిసెంబరు నెలలో హైదరాబాదు సంస్థవారి ఆధ్వర్యమున భారతీప్రసాద్‌గారును, ఆమె సహచరులును అండమానునందలి పోర్టుబ్లెయరునకు పోయి, ఆ దీవుల నుండి ప్రపంచముతో మాటలాడుచుండిరి. ఆ నెల 26వ తేదీ ఉదయము భూమి కంపించెను, సునామీ వచ్చెను. వేడుకకై తీసికొనిపోయిన ఆ యంత్రములే తరువాత క్షేమసమాచారములను ప్రధానభూమికి చేర్చుటకు ఉపయోగపడినవి. బంధువులు బ్రతికియున్నారో లేదో తెలియక తల్లడిల్లిన కుటుంబములకు ఆ మాటలే ఊరట యయ్యెను.

ఇక ఏరియలు సంగతి. రేడియో యంత్రములో పుట్టిన విద్యుత్తు మిక్కిలి వేగముగా ముందునకు వెనుకకు ఊగుచుండును. ఆ ఊపును తగిన నిడివి గల కడ్డీకి అందించినచో, కడ్డీ నుండి తరంగములు బయలుదేరును. చెరువులో గడకఱ్ఱను ఊపినచో అలలు చుట్టును వ్యాపించునట్లే యిదియును. నిలువుగా నిలిపిన కడ్డీకి తూర్పని, పడమరయని భేదము లేదు. చుట్టును సమానముగా పంపును. దీనినే సర్వదిశా ఏరియలందురు. దీనికి ప్రతిగా ఒక దిక్కునకే పంపునట్టివి కలవు. పూర్వము మిద్దెలపై టెలివిజను కొరకు చేపముల్లు వంటి ఏరియలు నిలిపి, బొమ్మ సరిగా పడువరకు పిల్లవానిచే ద్రిప్పించితిరి గదా. అది ఏకదిశా ఏరియలు. ఒకటి దివిటీ వెలుగు, ఒకటి ఆకాశదీపము. కార్తికమున ధ్వజస్తంభమునకు ఎత్తిన ఆకాశదీపము ఫలానా వీధివారికే యని వెలుగదు. ఏ త్రోవను వచ్చు బాటసారికైనను కనబడును.

అట్లని సర్వదిశా ఏరియలు లేని బలమును సృష్టించదు. దీనిని పెద్దలు బాగుగా గుర్తుంచుకొనవలయును. కొందరు దుకాణదారులు ఈ ఏరియలు పెట్టినచో బలము నాలుగింతలు, ఎనిమిదింతలు అగునని చెప్పుదురు. యంత్రము 5 వాట్లు ఇచ్చినచో బయటికి పోవునది 5 వాట్లకు మించదు. మన రాగిసంగటి ముద్దను తలచుకొనుడు. ముద్దగా నున్నప్పుడు ఎత్తుగా, గుండ్రముగా నుండును. అదే ముద్దను అరచేతితో అదిమి రొట్టెగా తట్టినచో వెడల్పు హెచ్చును, మందము తగ్గును. పిండి మాత్రము హెచ్చదు. ఏరియలును అట్లే. ఆకాశమునకును, నేలకును వ్యర్థముగా పోవు బలమును అదిమి, నలుప్రక్కలకు పఱచును. దానినే గెయిన్ అందురు. ముద్ద ఎంత పలుచనైనచో అంత దూరము. కాని పైనున్నవానికిని, క్రిందనున్నవానికిని అంత తక్కువ.

ఇప్పుడు రకములు చెప్పెదను. హామ్‌లు దగ్గరి మాటలకు ఎక్కువగా వాడునది 145 మెగాహెర్ట్జుల ప్రాంతము. అచ్చట తరంగపు నిడివి సుమారు 2 మీటర్లు.

మొదటిది పావు తరంగపు ఏరియలు. నిలువుగా సుమారు 49 సెంటీమీటర్ల కడ్డీ ఒకటి. దాని మొదట క్రిందికి వాలిన నాలుగు కడ్డీలు, దాదాపు అంతే నిడివి గలవి. ఆ నాలుగును నేలకు మారుగా పనిచేయును. అవి అడ్డముగా నున్నప్పుడు ఏరియలు యొక్క నిరోధము 36 ఓములు. 45 డిగ్రీలు క్రిందికి వంచినచో సుమారు 50 ఓములగును. మన తీగయు, యంత్రమును 50 ఓములకే చేయబడినవి గనుక రెండును పొసగును. ఇందులకు కావలసినవి ఒక సాకెట్టు, ఇత్తడి వెల్డింగు పుల్లలు ఐదు, కొలబద్ద, టంకము. మా ఊరి బడిపిల్లలు దీనిని ఒక్క మధ్యాహ్నములో కట్టుట నేను కన్నులార చూచితిని. చూడవచ్చిన పెద్దాయన ఒకరు, "ఒంటి పుల్లకు నలుదిక్కులు ఎట్లు తెలియునురా?" అని యడిగెను. "దిక్కులు తెలియవు గనుకనే తాతా, అన్ని దిక్కులకును పోవును" అని ఒక పిల్లవాడు బదులిచ్చెను. ఇంతకంటె చక్కని నిర్వచనము నేను గ్రంథములలో చూడలేదు.

ఈ ఏరియలును గూర్చి ఒక కథ చెప్పుదురు. దీనిని రూపొందించిన అమెరికా శాస్త్రజ్ఞుడు జార్జి బ్రౌన్ క్రింద రెండు కడ్డీలే చాలుననెను. కాని అమ్మకపువారు, రెండే యున్నచో కొనువారు ఇది రెండు దిక్కులకే పోవునని భ్రమపడుదురని చెప్పి, నాలుగు పెట్టించిరట. చూపునకు నిండుగా నుండుట వేఱు, పనికి చాలుట వేఱు అని దీనివలన గ్రహింపవచ్చును.

రెండవది 'జె' ఏరియలు. ఇది ఆంగ్లాక్షరమగు జె వలె నుండును. జర్మనీవారి జెప్పెలిన్ ఆకాశనౌకల నుండి వ్రేలాడదీసిన తీగ దీనికి మూలము. మొత్తము ఒకటిన్నర మీటరు పొడవు; క్రింది కడ్డీలు అక్కరలేదు. రాగిగొట్టముతో చేసినచో గాలివానకు చాల కాలము నిలుచును. పిట్టలు వ్రాలి కడ్డీలు వంచు చోట్ల ఇది మేలు.

మూడవది ఎనిమిదింట ఐదు పాళ్ల ఏరియలు. దీని కడ్డీ ఒకటింబావు మీటరు చిల్లర. మొదట చిన్న తీగచుట్ట యుండును. పావు తరంగపు దానికంటె ముద్దను కొంత పలుచన చేయును. మోటారుబండ్లపై దీనిని తఱచుగా చూడవచ్చును.

నాలుగవది కాలీనియర్ అనునది. అర్ధ తరంగపు కడ్డీలను ఒకదానిపై ఒకటి నిలిపి, అన్నియు ఒక్క తాళమున ఊగునట్లు కూర్చుట. భజనలో నలుగురు ఒక్కసారి తాళము వేసినచో ధ్వని హెచ్చునట్లు, ఇవి నేలకు సమముగా పోవు తరంగమును హెచ్చించును. నాలుగు అర్ధ తరంగములను చక్కగా కూర్చినచో ఒంటరిదానికంటె నలుప్రక్కల మూడు నాలుగింతల బలము కనబడును. బయలుసీమలకు ఇది శ్రేష్ఠము.

ఐదవది డిస్కోన్. పైన పళ్లెము, క్రింద గంప బోర్లించినట్టి ఆకారము. తక్కినవన్నియు ఒక నిడివి తరంగమునకే తగినవి కాగా, ఇది అనేక నిడివులకు పనికివచ్చును. గెయిన్ మాత్రము లేదు. పలువిధముల ప్రసారములను వినగోరువారికి తగినది.

ఆరవది టర్న్‌స్టైల్. రెండు అడ్డకడ్డీలను కూడలి గుర్తు వలె పెట్టి, ఒకదానికంటె ఒకటి పావు ఊపు వెనుకబడునట్లు చేయుట. ఇది ఆకాశమువైపు చక్కగా వినును గనుక ఉపగ్రహముల నుండి వచ్చు మాటలకు ఉపయోగపడును. మన శ్రీహరికోట నుండి 2005వ సంవత్సరము మే నెల 5వ తేదీన హామ్‌ల కొరకే హామ్‌శాట్ అను ఉపగ్రహము ఎగిరినది. అది 2014వ సంవత్సరము వరకు పనిచేసి విశ్రమించెను. కొండ యడ్డమున్న ఊరివానికి నెత్తిమీది నుండి పోవు ఉపగ్రహము గొప్ప ఉపకారి యని వేఱుగా చెప్పనక్కరలేదు.

ఇన్నింటిలో గంగవరమునకు ఏది తగును? ఇచ్చటనే లెక్క కావలయును. ఈ తరంగములు దాదాపు చూపు వలె సూటిగా పోవును. గడ యెత్తును మీటర్లలో కొలిచి, దాని వర్గమూలమును నాలుగుతో హెచ్చించినచో, ఎన్ని కిలోమీటర్లకు పోవునో కొంచెము తక్కువగా తెలియును. 9 మీటర్ల గడకు మూలము 3. అనగా 12 కిలోమీటర్లు. అవతలివానికిని 9 మీటర్ల గడ యున్నచో అతని 12 చేరి, 24 కిలోమీటర్లు. గంగవరమునకు పుంగనూరు సూటిగా కొలిచినచో సుమారు ఆ దూరమే. కాని కుప్పము రెండింతలకు మించిన దూరము. దూరమును రెండింతలు చేయుటకు గడ నాలుగింతలు ఎత్తు కావలయును. పైగా నడుమ కొండ యున్నచో ఈ లెక్క చెల్లదు. అందుకే కొండపై నొక మధ్యవర్తి యంత్రమును పెట్టుట వాడుక. మదనపల్లె చేరువనున్న హార్సిలీకొండ సముద్రమట్టమునకు 1265 మీటర్ల ఎత్తు. మదనపల్లెకంటె సుమారు 570 మీటర్లు ఎక్కువ. అంత ఎత్తున నిలిపిన సర్వదిశా ఏరియలునకు అడ్డులేని దిక్కున వంద కిలోమీటర్లకు చేరువగా దృష్టి యుండును. ఏరియలు ఖరీదుకంటె అది నిలిచిన చోటు విలువైనదని దీనివలన తెలియుచున్నది.

కావున మిక్కిలి పొడవైన కాలీనియరును కొనుటకు మా కొండసీమవారు తొందరపడరాదు. అది ముద్దను మిక్కిలి పలుచన చేయును. లోయలోని పల్లెకును, గుట్టపైని పల్లెకును దాని మాట తలమీదుగనో, కాళ్లక్రిందుగనో జారిపోవచ్చును. నా యభిప్రాయములో ఊరికి పావు తరంగపుదో, జె ఏరియలో చాలును. మిగిలిన సొమ్ము గడ యెత్తునకును, మంచి తీగకును వెచ్చించుట లాభము. నాసి తీగలో సగము బలము ఏరియలును చేరకయే వేడియై పోవును. మఱియు అందరి కడ్డీలును నిలువుగానే యుండవలయును. ఒకనిది నిలువు, ఒకనిది అడ్డమైనచో చేరు బలము నూఱింట ఒక వంతునకు పడిపోవచ్చును.

దూరపు మాటకు వేఱొక యుపాయము కలదు. 7 మెగాహెర్ట్జుల తరంగము 40 మీటర్ల చిల్లర నిడివి గలది. దానికై సుమారు 20 మీటర్ల తీగను, నడుమ ఖండించి, రెండు చింతచెట్ల నడుమ ఏడెనిమిది మీటర్ల ఎత్తున కట్టవలయును. ఎత్తున కట్టినచో ఈ తీగ రెండు ప్రక్కలకే బలముగా పలుకును. తగ్గున కట్టినచో పలుకు నిట్టనిలువుగా ఆకాశమునకు పోయి, పగటివేళ సుమారు 300 కిలోమీటర్ల ఎత్తుననున్న విద్యుత్పొరను తాకి, వాన వలె చుట్టును క్రిందికి దిగును. వానకు కొండ యడ్డమా? తిరుపతి, కడప, చెన్నై, బెంగళూరు, ఈ నాలుగు దిక్కులును దాని గొడుగు క్రిందివే. రాత్రివేళ ఆ పొర పలుచబడును గనుక అప్పుడు 3.5 మెగాహెర్ట్జులకు దిగి, తీగను రెండింతలు పొడిగింపవలయును. ఖర్చు చూడగా, గుడ్డలు ఆరవేయు తీగకు మించి కొంచెమే.

ఏకదిశా ఏరియలు బలమైనది గదా, అది యేల వలదంటినని అడుగవచ్చును. అవతలివాడు ఎచ్చటనున్నాడో తెలిసినప్పుడు అదియే మంచిది. కాని ఆపద వచ్చిననాడు ఆదుకొనువాడు ఏ దిక్కున నున్నాడో మనకు తెలియదు. చెరువుకట్ట తెగిననాడు పలమనేరు నుండి బదులు వచ్చునో, పుంగనూరు నుండి వచ్చునో ఎవరెరుగుదురు? చీకటిలో పడిపోయినవాడు ఒక్క తలుపువైపు తిరిగి పిలువడు. నలుదిక్కులకు కేక వేయును. ఆపదనాటి ఏరియలును అట్లే యుండవలయును.

ఇక జాగ్రత్తలు. విద్యుత్తీగలకు చేరువగా ఎన్నడును గడ నెత్తరాదు. గడ ఒరిగి పడినను తీగకు తగులనంత దూరముండవలయును. గడ పొడవునకు ఒకటిన్నర రెట్లు దూరము మంచి కొలత. ఈ యొక్క విషయములో పెద్దలు కఠినముగా నుండుడు. గడకు లావైన రాగితీగ కట్టి, తేమగల నేలలో లోతుగా పాతవలయును. ఉఱుము వినబడగానే తీగను యంత్రము నుండి ఊడదీసి, ఇంటి వెలుపల నుంచవలయును. ఎత్తునకు పిల్లవానిని ఒంటరిగా ఎక్కింపరాదు. ప్రసారము జరుగుచుండగా కడ్డీని తాకరాదు.

పెద్దలారా! ఆపద వచ్చిన పిదప ఏరియలు కట్టుట ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వుట వంటిది. కట్టిన పిదపనైనను వారమున కొకసారి పలుకకున్నచో, అవసరమునాడు పలుకువాడుండడు. కావున మీ ఊరిలో ఒక పిల్లవాడో, పిల్లయో పరీక్షకు చదివెదనన్నచో చదువనిండు. ఊరికి ఎత్తైన చోటు ఏదో మీకు తెలిసినట్లు ఆ బిడ్డకు తెలియదు. ఏ వాగు ఎప్పుడు పొంగునో, ఏ పల్లెకు త్రోవ ముందుగా తెగునో మీకే తెలియును. ఆ తెలివి మీది, ఈ విద్య వారిది. రెండును ఒక గడపై నిలిచిననాడు గంగవరపు మాట నలుదిక్కులకును వినబడును. వచ్చు కార్తికమునకు ముందే ఈ సంగతి మీ రచ్చబండ యొద్ద ఒకమారు చర్చించుడని ప్రార్థించుచు, సెలవు తీసికొనుచున్నాను.